నాలుగు వందల అరవై ఏళ్ల వాలెట్టాకు జేజేలు

1566 మార్చి 28న మాల్టా దీవిలో, చెట్టూ చేమా లేని ఒక రాతి గుట్ట మీద, డెబ్బై దాటిన ముసలి సేనాని ఒకాయన కొత్త ఊరికి పునాది రాయి వేశాడు. ఆయన జాన్ పారిసో ద లా వాలెట్, సెయింట్ జాన్ నైట్‌లు అనే క్రైస్తవ యోధుల సంఘానికి గ్రాండ్ మాస్టర్, అంటే అధిపతి. ఊరికి ఆయన పేరే వచ్చింది. ఆ వాలెట్టాకు 2026 మార్చి 28తో 460 ఏళ్లు నిండాయి. మధ్యధరా సముద్రం చుట్టూ రెండు వేల ఏళ్లు, మూడు వేల ఏళ్లు దాటిన రేవు పట్టణాలు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య వాలెట్టా చిన్నపిల్ల. అయితే ఆ పెద్దవాళ్లలో చాలామందికి లేనిది దీనికి ఒకటుంది. ఏ రోజున, ఎవరి చేతుల మీదుగా, ఎందుకు పుట్టిందో తేదీతో సహా రాసి ఉన్న ఊరు ఇది. ఇలాంటి ఊరికి పుట్టినరోజు చేయకుండా ఉండగలమా?

ఊరు ఎంత చిన్నదంటే, ఊరి గేటు దగ్గర బయల్దేరి రిపబ్లిక్ వీధి వెంట తిన్నగా నడిస్తే పావుగంటలో సెయింట్ ఎల్మో కోట వస్తుంది. కోట దాటితే సముద్రమే. యూరోపియన్ యూనియన్ రాజధానుల్లో ఇంతకంటే చిన్నది లేదు. అయినా 1980లోనే యునెస్కో ఊరు ఊరంతటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాలెట్టా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి ఆకాశాన్నంటే బురుజులు, నైట్‌ల సౌధాలు, ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో వేసిన చిత్రం. పొగడడానికి అవి చాలు, పొగిడేవాళ్లూ చాలామందే ఉన్నారు. ఈ పుట్టినరోజున నేను జేజేలు పలకదలచింది మాత్రం కంటికి కనిపించని ఒకదానికి. ఈ ఊళ్లో ప్రతి పాత ఇంటి కిందా రాతిలో తొలిచిన గొయ్యి ఒకటి ఉంటుంది. బురుజులు ఈ ఊరికి పేరు తెచ్చాయి. ఊరిని బతికించింది ఆ గొయ్యి.

ముందు నేల సంగతి చెప్పాలి. మాల్టా సిసిలీకి దక్షిణాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. మ్యాపులో చూస్తే ఆఫ్రికా తీరంలోని ట్యూనిస్ నగరం కంటే కూడా కిందికే ఉంటుంది. పెద్ద దీవి పొడవు 27 కిలోమీటర్లు. నదుల్లేవు, అడవుల్లేవు, చెప్పుకోదగ్గ కొండల్లేవు. సున్నపురాయి, ఎండ, సముద్రపు గాలి మాత్రం కావలసినంత ఉన్నాయి. అయితే ప్రకృతి ఈ దీవికి ఒక పెద్ద వరం ఇచ్చింది. ఒకప్పుడు వానలకు పారిన వాగుల లోయలు, మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగాక నీట మునిగాయి. అలా ఏర్పడ్డవే గ్రాండ్ హార్బర్, మార్సంషెట్ రేవులు. ఎంత పెద్ద ఓడైనా నిర్భయంగా లంగరు వేయగల లోతు, చుట్టూ గాలికి అడ్డుగా ఎత్తైన గట్లు. ఈ రెండు రేవులకూ నడుమ ఈశాన్యంగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుట్ట పేరు షెబెరాస్. ఆ గుట్ట ఎవరి చేతిలో ఉంటే రెండు రేవులూ వాళ్లవే. ఇంత తెలిసి కూడా 1565 దాకా దాని కొసన ఒక చిన్న కోట తప్ప అక్కడ ఎవరూ ఏమీ కట్టలేదు.

1565 తెలుగువాళ్లకూ మరపురాని సంవత్సరమే. ఆ జనవరిలో రాక్షస తంగడి యుద్ధం జరిగి విజయనగరం నేలకూలింది. అదే ఏడాది మే 18న ఒట్టోమన్ నౌకలు మాల్టా ముందు కనిపించాయి. రోడ్స్ దీవిని 1522లో ఒట్టోమన్‌లకు పోగొట్టుకున్న నైట్‌లకు 1530లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఈ దీవిని అప్పగించాడు. కౌలు ఏటా ఒక డేగ. రోడ్స్‌ను గెలిచిన సుల్తాను సులేమానే ఇప్పుడు ఇక్కడికీ సైన్యాన్ని పంపాడు. గుట్ట కొసన ఉన్న చిన్న కోట, సెయింట్ ఎల్మో, నాలుగు రోజుల్లో పడిపోతుందనుకున్నారు. దాదాపు నెలరోజులు నిలబడింది. జూన్ 23న అది పడేసరికి లోపలి రక్షకులు ఇంచుమించు అందరూ చనిపోయారు. ముట్టడించినవాళ్లు కూడా వేలల్లో పోయారు, పేరుమోసిన నావికుడు ద్రాగుత్ వాళ్లలో ఒకడు. మిగతా కథంతా రేవుకు అవతలి ఒడ్డున ఉన్న బిర్గు, సెంగ్లియా పట్టణాల్లో నడిచింది. కొన్ని వందల మంది నైట్‌లు, కొన్ని వేల మంది మాల్టా జనం, ఆడవాళ్లు, పిల్లలతో సహా గోడల మీద నిలబడ్డారు. సెప్టెంబరు 8న ముట్టడి వీడింది. ఇప్పటికీ ఆ రోజు మాల్టాలో జాతీయ పండుగ, గ్రాండ్ హార్బర్‌లో పడవ పందేలు.

గెలిచారన్న మాటే గానీ ఊళ్లు శిథిలమయ్యాయి, ఖజానా ఖాళీ అయింది. దీవిని వదిలి పోదామా అన్న ఆలోచన కూడా నైట్‌లకు వచ్చింది. వాలెట్ ఒప్పుకోలేదు. ఉంటే ఆ గుట్ట మీదే కోట కట్టుకుని ఉందామన్నాడు. పోపు డబ్బు పంపాడు, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ పంపాడు, మరికొందరు రాజులూ చేయి వేశారు. కొర్తోనా పట్టణానికి చెందిన ఇంజినీరు ఫ్రాంచెస్కో లాపరెల్లిని కూడా పోపే పంపించాడు. ఆయన 1565 డిసెంబరు చివర దిగాడు. మూడు నెలల్లో ఊరి నక్షా సిద్ధమైంది. తిన్నటి వీధులు, వాటిని అడ్డంగా కోసే తిన్నటి వీధులు, సముద్రపు గాలి ఈ కొస నుంచి ఆ కొసకు సాఫీగా వీచే ఏర్పాటు. లాపరెల్లి 1569లో వెళ్లిపోయాడు, మరుసటి ఏడు క్రీట్ దీవిలో ప్లేగుతో పోయాడు. తను గీసిన ఊరు పూర్తయి ఉండగా ఆయన చూడలేదు. వాలెట్ అంతకుముందే, 1568 ఆగస్టులో కన్నుమూశాడు. ఊళ్లో మొట్టమొదట కట్టిన విజయమాత గుడిలోనే మొదట ఆయన్ను సమాధి చేశారు. ఇద్దరూ వదిలివెళ్లిన పనిని భుజాన వేసుకున్నవాడు గిరోలామో కాస్సార్, మాల్టా బిడ్డ. నైట్‌ల వసతి సౌధాలు, గ్రాండ్ మాస్టర్ భవనం, సెయింట్ జాన్ చర్చి ఆయన చేతి పనే. 1571 మార్చి 18న నైట్‌లు బిర్గు వదిలి కొత్త ఊళ్లోకి కాపురం వచ్చారు.

ఆ తొలి ఏళ్లలో పెట్టిన ఇళ్ల నిబంధనలు చదివితే నాకు లాపరెల్లి బురుజుల కంటే ఎక్కువ ముచ్చట వేస్తుంది. స్థలం కొన్నవాడు ఇంటి ముందు తోట అని ఖాళీ వదలకూడదు, వీధి గీత మీదికి గోడ రావాలి. మూల ఇల్లయితే ఆ మూలను శిల్పంతో అలంకరించాలి. ఇప్పటికీ ఏ మలుపు తిరిగినా గూట్లో ఒక సెయింట్ విగ్రహం కనిపించడానికి కారణం అదే. ఇంటి మురుగు వీధి కింది కాలువలో కలవాలి. పదహారో శతాబ్దంలో యూరప్‌లో ఎన్ని నగరాలకు ఈ మాట అనగలిగే సత్తా ఉండేది? అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన, ప్రతి ఇంటికీ వాననీటి సంపు ఉండాలి.

ఆ పాత ఇళ్లలో ఒకదాని లోపలి వాకిట్లోకి వెళ్లండి. ఒక పక్కన మోకాలెత్తు రాతి గట్టు, దాని మీద మూత. గట్టు అంచున తాడు ఒరిసి ఒరిసి పడ్డ గాడులు, వేలు పెడితే వేలు దిగేంత లోతు. మూత ఎత్తితే చల్లటి, తడి రాతి వాసన ముఖానికి కొడుతుంది. కిందికి తొంగి చూస్తే మూతి సన్నంగా, అడుగుకు పోయేకొద్దీ వెడల్పుగా, గంట ఆకారంలో తొలిచిన చీకటి. గోడలకు నీరు ఇంకకుండా గట్టి గార. మిద్దె మీద పడిన ప్రతి చినుకూ గోడలో అమర్చిన గొట్టం గుండా ఇక్కడికే చేరాలి. వీళ్ల మిద్దెలన్నీ చదునుగా, ఒక మూలకు కొద్దిగా వాలుగా ఉండేది ఇందుకే.

ఇంకా చక్కటి విషయం మరొకటి ఉంది. ఆ గొయ్యి కేవలం సంపు కోసం తవ్వింది కాదు. ఇల్లు కట్టడానికి రాయి కావాలి. ఆ రాయి కాళ్ల కిందే ఉంది. గ్లోబిజెరైనా అనే ఈ సున్నపురాయిని అక్కడివాళ్లు ఫ్రాంకా అంటారు. తేనె రంగు, గని నుంచి తీసినప్పుడు రంపంతో కోసేంత మెత్తన. గాలి తగిలాక పైన గట్టి పొర కడుతుంది. ఇంటి స్థలంలోనే తవ్విన రాయి గోడలకెక్కింది, తవ్విన చోటు నీటికి నిలయమైంది. బండి కూలి లేదు, మట్టి పారబోసే బాధ లేదు. ఖర్చు, శ్రమ, అవసరం మూడింటినీ ఒక్క గోతిలో సర్దిన ఆ మేస్త్రీల తెలివికి చేతులెత్తి మొక్కాలి.

అంత పట్టుదల ఎందుకంటే ఆ గుట్ట మీద ఊటబావి అన్నది దాదాపు అసాధ్యం. మాల్టా నేలలో పైన గట్టి పగడపు సున్నపురాయి, దాని కింద నీలి బంకమన్ను, దాని కింద ఫ్రాంకా. పైపొరలోంచి ఇంకిన వాన నీరు బంకమన్ను దగ్గర ఆగి ఊటలుగా బయటికొస్తుంది. పడమటి మెట్టలో ఇప్పటికీ అలాంటి ఊటలున్నాయి. తూర్పు వైపు మాత్రం పై రెండు పొరలూ ఎప్పుడో కొట్టుకుపోయాయి. వాలెట్టా కూర్చున్నది వట్టి ఫ్రాంకా మీద. పోనీ వానలు దండిగా పడతాయా అంటే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. మన అనంతపురం జిల్లాలో ఎంత పడుతుందో ఇంచుమించు అంతే. అదీ చలికాలంలోనే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆకాశం వైపు చూడడం దండగ. నీరు చేతిలో లేని కోట ఎంత బలహీనమో ముట్టడిలో అందరూ చూశారు. ఒట్టోమన్ సైన్యానికి నీళ్లు దొరక్కుండా మార్సా అనే చోటి బావుల్లో విషం కలిపించింది నైట్‌లే. శత్రువు మీద తాము వాడిన ఆయుధం రేపు తమ మీదికి రాకూడదనే ప్రతి ఇంటి కిందా ఈ జాగ్రత్త.

ఊరు పెరిగేకొద్దీ సంపులు చాలలేదు. గ్రాండ్ మాస్టర్ అలోఫ్ ద విన్యకూర్ 1610లో పడమటి మెట్టలోని ఊటల దగ్గర కాలువ మొదలుపెట్టించాడు. దాదాపు 16 కిలోమీటర్లు, కొంత నేలలోపల, కొంత కమానుల మీద. 1615 ఏప్రిల్‌లో గ్రాండ్ మాస్టర్ భవనం ముందున్న కూడలిలో ఫౌంటెన్‌లోంచి నీళ్లు ఎగజిమ్మాయి. ఆ రోజు ఆ కూడలిలో ఎంత సందడి జరిగి ఉంటుందో బిందెలతో క్యూ కట్టిన ఏ ఊరి వాళ్లకైనా వేరే చెప్పక్కర్లేదు.

లాపరెల్లి అనుకున్నవన్నీ జరగలేదు. గుట్టను చదును చేసి ఊరు కట్టాలన్నది అసలు ఆలోచన. ఒట్టోమన్‌లు మళ్లీ వస్తున్నారన్న వార్తలతో ఆ పని మధ్యలో ఆపి గోడల మీద పడ్డారు. దాంతో పక్క వీధులు అటూ ఇటూ సముద్రం వైపు జారిపోయి, మెట్లు మెట్లుగా మిగిలిపోయాయి. ఆ మెట్ల మీద కూరగాయల సంచులతో ఎక్కి దిగే ముసలమ్మల మోకాళ్లు నాలుగు శతాబ్దాలుగా ఆ హడావుడికి మూల్యం చెల్లిస్తున్నాయి. మార్సంషెట్ వైపు ఊరి లోపలికే ఒక చిన్న రేవు తవ్వి అందులో నైట్‌ల ఓడలను దాచాలన్నారు. రాయి తీస్తూ తీస్తూ లోతు చేశారు, నీళ్లు మాత్రం లోపలికి రాలేదు. ఆ పల్లంలోనే నిరుపేదలు గుడిసెల్లాంటి ఇళ్లు కట్టుకున్నారు. మండెరాజ్జో అని దాని పేరు. సూర్యుడు సరిగా చొరబడని ఆ సందుల్లో తరతరాల రేవు కూలీలు, జాలర్లు, చాకిరీ చేసేవాళ్లు బతికారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గానీ ఆ మురికివాడను తీసివేసి కొత్త ఇళ్లు కట్టలేదు. పైన పాలరాతి చర్చిలు, కింద మండెరాజ్జో. వాలెట్టా పుట్టినరోజు పండుగలో ఆ పల్లం జనానికీ వాటా ఉంది.

సెయింట్ జాన్ చర్చిని బయటి నుంచి చూస్తే కోట గోడలా సాదాగా ఉంటుంది, 1570లలో కాస్సార్ అలాగే కట్టాడు. లోపల అడుగుపెడితే కళ్లు చెదిరే బంగారు నగిషీ, మత్తియా ప్రెతి చేతి కప్పు చిత్రాలు, కాళ్ల కింద రంగురంగుల పాలరాతి సమాధి పలకలు సుమారు నాలుగు వందలు. పక్క మందిరంలో కరవాజ్జో 1608లో వేసిన సెయింట్ జాన్ శిరచ్ఛేద చిత్రం. అయిదు మీటర్ల వెడల్పు, సగానికి పైగా చీకటి గోడ. మెడ నుంచి కారిన రక్తంలోనే చిత్రకారుడు తన పేరు రాశాడు. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. అదే ఏడాది జూలైలో ఆయనకు నైట్ హోదా ఇచ్చి, కొట్లాట కేసులో ఖైదు చేసి, పారిపోయాక డిసెంబరులో అదే చిత్రం ముందు సమావేశమై హోదా పీకేశారు.

ఈ నైట్‌లు యోధులైనా వాళ్ల అసలు వృత్తి రోగుల సేవ. జెరూసలేములో యాత్రికుల ఆసుపత్రితో మొదలైన సంస్థ అది. వాలెట్టాలో రేవుకు ఎదురుగా 1570లలో కట్టడం మొదలుపెట్టిన ఆసుపత్రిలో పెద్ద వార్డు పొడవు 155 మీటర్లు. రోగులకు అన్నం వెండి కంచాల్లో పెట్టేవారు. నైట్‌లే వంతులవారీగా వడ్డించేవారు. 1676లో గ్రాండ్ మాస్టర్ నికోలస్ కొతొనెర్ అక్కడే శరీరశాస్త్ర పాఠశాల పెట్టాడు. అదే ఊళ్లో బానిసల జైలు కూడా ఉండేది. సముద్రం మీద పట్టుకొచ్చిన ముస్లింలను ఓడల్లో తెడ్లు వేయించేవారు, బురుజులకు రాళ్లు మోయించేవారు. ఈ ఊరి గోడల్లో వాళ్ల చెమట, రక్తం కూడా కలిసి ఉన్నాయని అభినందన వేళ చెప్పుకోకపోతే ఆ అభినందనకు విలువ ఉండదు. 1749లో ఆ బానిసలు తిరుగుబాటుకు పథకం వేశారు, బయటపడి కఠినంగా శిక్షలు పడ్డాయి. 1798 జూన్‌లో నెపోలియన్ వచ్చి, నైట్‌లను సాగనంపి, బానిసత్వాన్ని రద్దు చేశాడు. మంచి పని. ఆసుపత్రి వెండిని, చర్చిల వెండిని కరిగించుకున్నదీ ఆయన మనుషులే. మూడు నెలలు తిరక్కుండానే మాల్టా జనం ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి, వాళ్లను వాలెట్టా గోడల లోపలే రెండేళ్లు బంధించారు. లోపలి నుంచి తలుపులు తెరవాలని కుట్ర చేసిన దున్ మికియెల్ షెర్రి అనే పూజారిని, ఆయన సహచరులను 1799 జనవరిలో కాల్చి చంపారు. 1800 సెప్టెంబరులో ఫ్రెంచివాళ్లు లొంగిపోయారు, ఇంగ్లీషువాళ్లు దిగారు. 1964 దాకా వాళ్లదే రాజ్యం.

ఇక్కడి నుంచి మన దేశపు కథ కూడా ఈ రేవుతో ముడిపడింది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ఇండియా దారిలో వెళ్లే ఓడలకు గ్రాండ్ హార్బర్ బొగ్గు నింపుకునే మజిలీ అయింది. 1878లో రష్యాను బెదిరించడానికి బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ బొంబాయి నుంచి వేలమంది భారతీయ సిపాయిలను మాల్టాకు పంపాడు. వాళ్లలో మద్రాసు సైన్యం వాళ్లూ ఉన్నారు. తర్వాత సింధీ వ్యాపారులు వచ్చి వాలెట్టాలో పట్టు, వింత వస్తువుల దుకాణాలు తెరిచారు. ఉత్తర భారతంలోని దియోబంద్ మదరసా పెద్దలు మౌలానా మహమూద్ హసన్‌ను, ఆయన శిష్యుడు హుసేన్ అహ్మద్ మదానీని 1917 నుంచి 1920 దాకా మాల్టాలో ఖైదు చేశారు. బ్రిటిష్ పాలనను కూలదోయాలని చూడడమే వాళ్ల నేరం. ఇవాళ ఆ దీవి ఆసుపత్రుల్లో, బస్సుల్లో, హోటళ్లలో పనిచేసే భారతీయులు వేలల్లో ఉన్నారు.

మళ్లీ ఆ గొయ్యి దగ్గరికి వద్దాం. 1940 జూన్ 11న ఇటలీ విమానాలు మాల్టా మీద తొలి బాంబులు వేశాయి. తర్వాత జర్మన్లు వచ్చారు. 1942 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ చిన్న దీవి మీద పడినన్ని బాంబులు ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల పడి ఉంటాయి. వాలెట్టా జనం ఎక్కడికి పోతారు? ఇంటి కిందికి దిగారు. ఎండిన సంపులు, మూతపడ్డ పాత రైలు సొరంగం, తాతలు రాయి తీసిన గుంతలు షెల్టర్లయ్యాయి. వాటిని కలుపుతూ కొత్త సొరంగాలు తొలిచారు. చేతిలో నాలుగు డబ్బులున్న కుటుంబాలు సొరంగం గోడలో తమకంటూ చిన్న గది చెక్కించుకున్నాయి, చాపలు పరిచాయి, గూట్లో మేరీమాత పటం పెట్టుకున్నాయి. మాల్టా షెల్టర్లలో పురుళ్లు పోసే గదులు కూడా ఉండేవి. దాదాపు 1500 మంది పౌరులు చనిపోయిన యుద్ధం అది. ఆ మెత్తటి రాయి, ఆ పాత గుంతలు లేకపోతే ఆ లెక్క ఎక్కడికి పోయేదో ఊహించడానికే భయమేస్తుంది. నాలుగు శతాబ్దాల నాటి ఇళ్ల నిబంధన మునిమనవలను ఇలా కాపాడింది.

1942 ఏప్రిల్ 7న, 1866 నుంచి ఊరికి అందం తెచ్చిన రాయల్ ఒపేరా హౌస్ కూలింది. అదే నెల 15న ఆరో జార్జి రాజు దీవి మొత్తానికి జార్జి క్రాస్ పతకం ప్రకటించాడు, అది ఇవాళ్టికీ మాల్టా జెండా మూలన ఉంది. పతకం బాగుంది గానీ కడుపు నింపదు. ఆగస్టులో తిండి గింజలు, చమురు ఆఖరి దశకు వచ్చాయి. 14 సరుకు ఓడలు బయల్దేరితే అయిదు చేరాయి. చివరిది ఒహాయో అనే చమురు ఓడ. బాంబులు తిని, నడుం విరిగి, రెండు యుద్ధనౌకల మధ్య కట్టేసి ఉంటే తప్ప నిలబడలేని స్థితిలో ఆగస్టు 15 ఉదయం గ్రాండ్ హార్బర్‌లోకి వచ్చింది. బురుజుల నిండా జనం. ఆ రోజు మరియమ్మ పండుగ. మాల్టావాళ్లు ఇప్పటికీ ఆ ఓడల బారును సాంతా మరీయా కాన్వాయ్ అనే పిలుస్తారు.

తర్వాతి కథ తెలిసిందే. 1964లో స్వాతంత్ర్యం, 1974లో గణతంత్రం, 1979 మార్చి 31న చివరి బ్రిటిష్ సేనల నిష్క్రమణ. ఊరి నడి వీధి పేరు చదివితే చాలు, ఈ చరిత్రంతా వస్తుంది. నైట్‌ల కాలంలో సెయింట్ జార్జి వీధి, ఫ్రెంచివాళ్లకు జాతీయ వీధి, ఇంగ్లీషువాళ్ల కాలంలో రాజ వీధి, ఇప్పుడు రిపబ్లిక్ వీధి. ఒపేరా శిథిలాలను ఏం చేయాలన్న వాదన దశాబ్దాలు సాగింది. చివరికి ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో ఆ విరిగిన స్తంభాలను అలాగే ఉంచి మధ్యలో ఆరుబయలు రంగస్థలం కట్టాడు. కొత్త ఊరి గేటు, పార్లమెంటు భవనం కూడా ఆయనవే. కూలినదాన్ని కూలినట్టుగానే గౌరవించిన ఆ పని నాకు చాలా నచ్చింది. 2018లో వాలెట్టా ఐరోపా సాంస్కృతిక రాజధాని అయింది.

ఈ ఊరి పండుగ చూడాలంటే ఫిబ్రవరి 10న చూడాలి. తెలుగు బైబిలు చదివేవాళ్లకు అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయంలో ఓడ పగిలి పౌలు చేరిన మెలితే దీవి గుర్తుంటుంది. అది ఇదే. ఆ రోజు సెయింట్ పాల్ ఓడ ప్రమాదపు చర్చి నుంచి మెల్కియోర్ గఫా 1659లో చెక్కిన చెక్క విగ్రహాన్ని భుజాల మీద ఊరేగిస్తారు. దారి పొడుగునా, ఆకుపచ్చ, ఎరుపు రంగుల చెక్క బాల్కనీల నుంచి కత్తిరించిన కాగితాలు కుమ్మరిస్తుంటారు. వీధి మీద మడమలోతు కాగితం. బ్యాండు మేళం, టపాసులు, వేడివేడి పస్టిజ్జీలనే కూరిన పేస్ట్రీలు, ఎక్కడెక్కడో స్థిరపడ్డ బంధువుల రాక. మాల్టావాళ్లు ఈ ఊరిని పేరుతో పిలవరు, ఇల్-బెల్ట్ అంటారు, ఊరు అని. దేశం మొత్తానికీ ఊరంటే ఇదే.

ఆ బంధువులు పండుగ పూట రావలసి రావడంలోనే నా దిగులు ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇరవై వేలకు పైగా ఉన్న జనాభా ఇవాళ అయిదారు వేలు. యుద్ధం తర్వాత సగం మంది వెళ్లిపోయారు, మిగిలినవాళ్లను ఇప్పుడు అద్దెలు తరుముతున్నాయి. మనవలు చదివిన గది పర్యాటకుల బస అవుతోంది, మెట్ల మీద హోటలు బల్లలు పరుచుకుంటున్నాయి. గోడలకు మరమ్మతు జరుగుతోంది, సంతోషం. ఆ గోడల మధ్య రాత్రి దీపం పెట్టేవాళ్లు ఉంటేనే అది ఊరు. ఆ ఇళ్లను ఊరివాళ్లకు అందుబాటు అద్దెకు ఇప్పించడం ఏ బురుజు మరమ్మతుకూ తీసిపోని పని.

రెండో కోరిక సంపుల గురించి. మాల్టా తాగునీటిలో సగానికి పైగా ఇవాళ సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి పంపేదే, దానికి కరెంటు ఖర్చు మామూలుగా కాదు. ఇంటికి వాననీటి సంపు ఉండాలన్న నిబంధన చట్టంలో ఇప్పటికీ ఉంది, పాటించేవాళ్లే తగ్గారు. వాలెట్టా వాకిళ్ల కింద మాత్రం తవ్వి సిద్ధంగా ఉన్న సంపులు వందల కొద్దీ ఉన్నాయి. కాస్త పూడిక తీసి, గార పూసి, మిద్దె గొట్టం మళ్లీ కలిపితే వచ్చే అక్టోబరు వానకే పని మొదలుపెడతాయి.

రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి అప్పర్ బారక్కా తోట కింది నుంచి ఫిరంగి పేలుతుంది. ఒకప్పుడు రేవులోని ఓడలు దాన్ని విని గడియారాలు సరిచేసుకునేవి. ఈ మార్చి 28న అది పేలినప్పుడు, రెండు రేవుల మధ్య ఆ గుట్ట మీద కాపురం ఉంటున్న ప్రతి ఇంటికీ, రేవు పనికి పోయే ప్రతి చేతికీ, ఊరు వదిలి వెళ్లినా తమది ఇల్-బెల్టే అని చెప్పుకునే ప్రతి కుటుంబానికీ మన తెలుగు పాఠకుల తరఫున మనసారా పుట్టినరోజు శుభాకాంక్షలు. సంపులు నిండాలి, బాల్కనీల్లో పిల్లల బట్టలు ఆరాలి, వచ్చే ఫిబ్రవరిలో కాగితాలు కుమ్మరించడానికి ఇప్పటికంటే ఎక్కువ చేతులు ఉండాలి. జేజేలు, వాలెట్టా!